తిన్నావా అని అడిగేవాళ్ళు లేని ఊళ్ళో

ప్రశ్న: అక్కా, నాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. బీటెక్ ఈసీఈ చేశాను. మాస్టర్స్ కోసం జర్మనీలో కెమ్నిట్స్ వచ్చి ఈ రోజుకి 43 రోజులు. రెండు గదుల ఇంట్లో ఐదుగురం తెలుగువాళ్ళం ఉంటున్నాం. అగ్రిమెంటులో ఇద్దరి పేర్లే ఉన్నాయి. నా అన్‌మెల్డుంగ్, అంటే ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఊరి ఆఫీసులో చేయించే నమోదు, వేరే అన్నయ్య అడ్రస్ మీద చేయించారు. ఇక్కడ క్లాసులో హాజరు తీసుకోరు. వెళ్ళినా మానేసినా ఎవరికీ పట్టదు. రూమ్‌లో సీనియర్లు "క్లాసులెందుకురా, స్లైడ్లు ఉంటాయి, పరీక్షకి ముందు నెల చదివితే చాలు. ముందు డెలివరీ పని చూసుకో, కావాలంటే నా డెలివరీ యాప్ ఐడీ మీద నడుపు" అంటున్నారు. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీశారు. ఫోన్లో బాగానే ఉన్నానని చెబుతున్నాను. నిజం చెప్పాలంటే, వచ్చి ఇన్ని రోజులైనా తిన్నావా అని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. ఇక్కడికి రావడం తప్పయిందా? తిరిగి వచ్చేయనా? నా పేరు వేయకండి.
తా.క.: సూట్‌కేసులో ఆవకాయ సీసా మూత ఊడి, నాన్న కొనిచ్చిన ఉన్ని కోటు నిండా నూనె అయింది. ఏం చేస్తే పోతుంది?

జవాబు:

తమ్ముడూ,

తిరిగి వచ్చేయనా అన్నదానికి ముందు చెప్పేస్తాను. రావొద్దు. ఎప్పటికీ రావొద్దని కాదు, ఇప్పుడు మాత్రం వద్దు. నువ్వు ఉత్తరం రాసింది నవంబర్ నడుమ. సాయంత్రం నాలుగున్నర కాకముందే చీకటి పడే నెల అది. డిసెంబర్‌లో నాలుగింటికే లైట్లు వేసుకోవాలి. ఖమ్మం ఎండల్లో పెరిగిన ఒంటికి ఆ చీకటే సగం జబ్బు. ఆ నెలలో బతుకు గురించి పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకూడదని నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఫిబ్రవరిలో పరీక్షలు రాసి, ఏప్రిల్‌లో కాస్త ఎండ మొహం చూశాక ఇదే ప్రశ్న మళ్ళీ రాయి. అప్పుడు నిజంగా ఆలోచిద్దాం.

నీ ఉత్తరంలో లోన్ ఉంది, డెలివరీ ఉంది, అడ్రస్ గొడవ ఉంది. నేను మాత్రం తిన్నావా అన్న మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. మన దగ్గర అది ప్రశ్న కాదు, పలకరింపు. బస్సులో పక్క సీటు పెద్దాయన అడుగుతాడు, కిరాణా కొట్టావిడ అడుగుతుంది. "అడగనిదే అమ్మయినా పెట్టదు" అని సామెత ఉంది కానీ, అది కట్టినవాళ్ళు మన అమ్మలను చూసి ఉండరు. వద్దు వద్దంటుంటే ఇంకో గరిటె వేసే రకం వాళ్ళు. అలా పెరగడం వల్ల, మనం నోరు తెరవకపోయినా ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న ధీమా ఒంట్లో ఇంకిపోతుంది. కాలేజీలోనూ అదే వరస. హాజరు 75 శాతం కంటే తగ్గితే ఇంటికి ఫోన్ వెళ్తుంది. పరీక్ష ఫీజుకి ఆఖరు తేదీ అని క్లాసులోకి సర్క్యులర్ వస్తుంది. మర్చిపోతే సీఆర్ వెంటపడి గుర్తుచేస్తాడు. మనం విసుక్కుంటాం గానీ, ఆ వెంటపడడం మీదే డిగ్రీ దాకా వచ్చేస్తాం.

ఆ సామెత జర్మనీకే సరిగ్గా సరిపోతుంది. అక్కడ అడగనిదే ఎవరూ ఏమీ పెట్టరు. అడిగితే మాత్రం, నేను చూసినంతలో, విసుక్కోకుండా పెడతారు. నీ చిక్కుల్లో ముప్పాతిక వంతు ఈ ఒక్క తేడా దగ్గర పడ్డ ముళ్ళే.

నా సంగతి చెబుతాను. నేను వెళ్ళింది 2010లో, తూర్పు జర్మనీలోనే ఇంకో ఊరికి. టైంటేబుల్లో పది గంటలకి క్లాసు అని ఉంటే పది నిమిషాల ముందే వెళ్ళి కూర్చున్నాను. గదిలో నేనొక్కదాన్నే. పదింపావుకి ప్రొఫెసర్ వచ్చాడు. టైం పక్కన "సీ.టీ." అని రెండు అక్షరాలు ఉంటే పావుగంట ఆలస్యంగా మొదలవుతుందని అర్థమట. నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవర్నీ అడగలేదు. క్లాసు అయిపోగానే అందరూ వేళ్ళ కణుపులతో బల్లల మీద టకటకా కొట్టారు. ఆయన మీద గొడవ చేస్తున్నారేమో అని బిక్కచచ్చిపోయాను. అది వాళ్ళ చప్పట్లు.

ఇవి నవ్వుకునే సంగతులు. తర్వాత జరిగింది నవ్వుకునేది కాదు. ఆ సెమిస్టర్‌లో ఒక్క క్లాసు మానకుండా వెళ్ళాను. సంక్రాంతికి ఇంట్లో అందరూ ఫోన్లో అరిసెలు చూపిస్తుంటే నేను లెక్కలు చేసుకుంటూ కూర్చున్నాను. పరీక్ష రోజు హాల్లోకి వెళ్తే లిస్టులో నా పేరు లేదు. పరీక్షకి రిజిస్టర్ చేసుకోవాలని, అది యూనివర్సిటీ పోర్టల్లో మనమే చేసుకోవాలని, దాని గడువు కొన్ని వారాల ముందే అయిపోయిందని అప్పుడు తెలిసింది. ఫీజు కట్టాం, క్లాసుకి వచ్చాం, ఇంక హాల్ టికెట్ దానంతటదే వస్తుందని నా లెక్క. అక్కడున్న ఆవిడ చాలా మర్యాదగా, తలుపు దాకా వచ్చి మరీ నన్ను బయటికి పంపింది. ఆ సబ్జెక్టు మళ్ళీ రాయడానికి తర్వాతి సెమిస్టర్ దాకా ఆగాల్సి వచ్చింది.

కాబట్టి ఈ ఉత్తరం చదవడం ఆపి, ఇప్పుడే నీ పోర్టల్ తెరువు. ఏ పరీక్షకి ఎప్పటి నుంచి ఎప్పటిదాకా రిజిస్ట్రేషన్ ఉందో, పేరు వెనక్కి తీసుకోవడానికి ఆఖరు రోజు ఏదో చూసి గోడ మీద రాసుకో. అర్థం కాకపోతే ప్రూఫుంగ్స్‌అమ్ట్‌కి, అంటే పరీక్షల ఆఫీసుకి వెళ్ళి అడుగు. పరీక్ష రోజు జ్వరం వస్తే ఇంట్లో పడుకుంటే చాలదు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళి కాగితం తెచ్చి వెంటనే ఆ ఆఫీసుకి ఇవ్వాలి. లేకపోతే ఫెయిల్ అని రాసేస్తారు.

అక్కడ ఫెయిల్ అంటే మన సప్లీ లాంటిది కాదు. 1.0 అన్నిటికన్నా మంచి మార్కు, 4.0 పాస్‌కి అంచు, 5.0 వస్తే పోయినట్టే. చాలా యూనివర్సిటీల్లో ఒక సబ్జెక్టుకి మూడే అవకాశాలు. తప్పనిసరి సబ్జెక్టు మూడోసారి కూడా పోతే కోర్సులోంచే పేరు తీసేస్తారు, అదే కోర్సులో జర్మనీలో ఇంకోచోట చేరడానికి కూడా తలుపు మూసుకుపోయినట్టే. చదువు కోసం అక్కడ ఉండనిచ్చే పర్మిట్ చదువు మీదే నిలబడి ఉంటుంది కాబట్టి, తర్వాత ఏమవుతుందో నీకు తెలుసు. బెదిరించడానికి చెప్పడం లేదు. మొదటి అవకాశాన్ని "ఊరికే చూద్దాం" అని రాసి పారేసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, అందుకని చెబుతున్నాను.

ఇక సీనియర్ల సలహా. స్లైడ్లు ఉంటాయన్నది నిజం. లెక్చర్లకు హాజరు ఉండదన్నదీ చాలావరకు నిజం. ల్యాబులకీ సెమినార్లకీ ఉంటుంది, చూసుకో. కానీ పరీక్షకి ముందు నెల చాలన్నారే, దాన్ని లెక్క వేసి చూద్దాం. అక్కడ ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. ఐదు క్రెడిట్ల సబ్జెక్టు అంటే పైలెక్కన 150 గంటలు. వారానికి గంటన్నర లెక్చరు, గంటన్నర ఊబుంగ్, అంటే లెక్కలు చేయించే క్లాసు అనుకుందాం. పదిహేను వారాలకి 45 గంటలు అవుతుంది. మిగతా 105 గంటలు నువ్వు ఒంటరిగా కూర్చుని చదవాల్సినవి. సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, అంటే అలాంటివి ఆరు సబ్జెక్టులు. మొత్తం 630 గంటలు. ఇది ఒక్క నెలలో చేయాలంటే రోజుకి 21 గంటలు. మీ సీనియర్లు తిండి, నిద్ర, స్నానం అన్నీ మిగిలిన మూడు గంటల్లో కానిస్తారేమో అడిగి చూడు.

నిద్రొస్తే లెక్చరు మానెయ్, ఊబుంగ్ మాత్రం మానకు. పరీక్షలో వచ్చే లెక్కల పోలికలన్నీ అక్కడే ఉంటాయి. ప్రతి డిపార్ట్‌మెంటుకీ ఫాహ్‌షాఫ్ట్ అని విద్యార్థుల సంఘం ఒకటి ఉంటుంది. చాలాచోట్ల పాత ప్రశ్నపత్రాలు వాళ్ళ దగ్గర దొరుకుతాయి. మనవాళ్ళు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన మసకమసక ఫొటోల కోసం ఎదురుచూస్తుంటారు గానీ, రెండంతస్తులు దిగి ఆ గదిలోకి వెళ్ళరు. ప్రొఫెసర్లకి వారంలో ఒక గంటో రెండు గంటలో విద్యార్థుల కోసం కేటాయించిన సమయం ఉంటుంది. ష్ప్రెష్‌టుండె అంటారు. తలుపు కొట్టి వెళ్ళవచ్చు, కొందరికి ముందు మెయిల్ పెట్టాలి. వెళ్ళేటప్పుడు "సబ్జెక్టు అర్థం కావట్లేదు సార్" అని వెళ్ళకు. ఫలానా లెక్కలో మూడో మెట్టు దగ్గర ఆగిపోయాను అని కాగితం పట్టుకుని వెళ్ళు. మన దగ్గర సార్‌ని డౌట్ అడిగితే పాఠం వినలేదనుకుంటాడేమోనని భయం. అక్కడ అడగకపోతే నీకు అన్నీ వచ్చనుకుంటారు.

ఇంకొకటి, ఇది నాకు మహా నచ్చిన పద్ధతి. పరీక్ష దిద్దాక, ఫలానా రోజు వచ్చి మీ పేపరు చూసుకోవచ్చు అని తేదీ ఇస్తారు. ఐన్‌జిష్ట్ అంటారు దాన్ని. మన దగ్గర రీవాల్యుయేషన్‌కి డబ్బు కట్టి దేవుడికి దండం పెట్టుకోవడమే. అక్కడ ఎర్రపెన్ను గీతల పక్కన కూర్చుని ఇక్కడ మార్కు ఎందుకు పోయిందో అడగవచ్చు. పాసైనా సరే వెళ్ళు. రెండో సెమిస్టర్‌లో ఎలా రాయాలో అక్కడే తెలుస్తుంది.

డబ్బు సంగతికి వద్దాం. నీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. పొలం కాగితాలు బ్యాంకు బీరువాలో ఉన్నాయన్న ఊహతో నిద్ర పట్టదు. కానీ ఒక్క విషయం నిదానంగా ఆలోచించు. వీసా కోసం నువ్వు బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు వేసే ఉంటావు. 2024 సెప్టెంబర్ నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు. రూపాయల్లో పది లక్షలు దాటిన మాట. అందులోంచి నెలకు 992 యూరోలు నీ చేతికి వస్తున్నాయి. అంటే మొదటి ఏడాది తిండికీ అద్దెకీ కావలసిన డబ్బు నీ దగ్గర ఉన్నట్టే. మ్యూనిక్‌తో పోలిస్తే కెమ్నిట్స్‌లో అద్దెలు చాలా తక్కువ కాబట్టి కాస్త మిగలాలి కూడా. ఆ డబ్బు వేరేవాళ్ళ దగ్గర చేబదులు తెచ్చిందై, వచ్చింది వచ్చినట్టు తిరిగి కట్టేస్తుంటే మాత్రం కథ వేరు. అలా అయితే నాకు విడిగా రాయి.

ఇప్పుడు డెలివరీ లెక్క. 2025లో అక్కడ కనీస కూలి గంటకి 12.82 యూరోలు ఉండేది. ఆ లెక్కన వారానికి 20 గంటలు చేస్తే నెలకు సుమారు 1,100. పింఛన్ కోత పోను చేతికి దాదాపు వెయ్యి. సెమిస్టర్ క్లాసులు నడిచే నాలుగు నెలలకి నాలుగు వేలు. బాగానే ఉంది కదా. చదువు పాడై ఒక్క సెమిస్టర్ ఎక్కువ ఉండాల్సి వస్తే? ఆరు నెలల ఖర్చు, ఆ 992 లెక్కనే, 5,952 యూరోలు. ఆరు నెలలు ఆలస్యంగా మొదలయ్యే జీతం దీనికి అదనం. నాన్న లోను తొందరగా తీర్చే దారి సైకిలు మీద లేదు, ఊబుంగ్ క్లాసులోనే ఉంది. సరదాగా అనడం లేదు.

పని చేయొద్దని కాదు. చట్టం ప్రకారం ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు చేయవచ్చు. 2024 మార్చికి ముందు ఇది 120, 240గా ఉండేది. నాలుగు గంటల్లోపు చేస్తే సగం రోజు కింద లెక్క. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటితే ఇన్సూరెన్సు వాళ్ళ లెక్కలో విద్యార్థి రాయితీ పోయి తలనొప్పి మొదలవుతుంది. వేసవి సెలవుల్లో పూర్తి పని చేసుకో. ఈ మొదటి సెమిస్టర్ వదిలెయ్. ఆ తర్వాత కూడా ముందు డిపార్ట్‌మెంట్లో అడుగు. ల్యాబుల్లో, ఊబుంగ్ క్లాసుల్లో సాయం చేయడానికి విద్యార్థుల్నే తీసుకుంటారు, హీవీ అంటారు. నోటీసు బోర్డు మీద పడేవి కొన్ని, ముందే తెలిసినవాళ్ళకి వెళ్ళేవి ఎక్కువ. ష్ప్రెష్‌టుండెకి కాగితం పట్టుకుని వెళ్ళే కుర్రాడి మొహం ప్రొఫెసర్‌కి గుర్తుంటుంది.

వేరేవాళ్ళ ఐడీ మీద నడపడం మాత్రం వద్దు. దీనిమీద చర్చ లేదు. అది చట్టవిరుద్ధం, పర్మిట్‌కి ముప్పు అన్నది ఒకటి. దానికంటే నన్ను భయపెట్టేది వేరు. నవంబర్ రాత్రి తడిసిన రోడ్డు మీద సైకిలు జారి చెయ్యి విరిగిందనుకో. కాగితాల ప్రకారం ఆ రోజు ఆ పనిలో ఉన్నది నువ్వు కాదు. నువ్వు అక్కడ లేనే లేవు. ఆస్పత్రిలో ఏమని చెబుతావు, నాన్నకి ఏమని చెబుతావు? ఇంకో మోసం కూడా చూశాను. "ఉద్యోగం కాదు, ఫ్రీలాన్స్" అని కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. విద్యార్థి పర్మిట్ మీద సొంత వ్యాపారం చేయాలంటే విదేశీయుల ఆఫీసు అనుమతి విడిగా కావాలి. అలాంటి కాగితం కనిపిస్తే పెన్ను కింద పెట్టెయ్.

అడ్రస్ సంగతి కూడా ఈ నెలలోనే తేల్చుకో. ఇంట్లో దిగిన రెండు వారాల్లో అన్‌మెల్డుంగ్ చేసుకోవాలి, అదీ నిజంగా ఉన్న ఇంటి మీద, ఇల్లు ఇచ్చినవాళ్ళ సంతకం ఉన్న కాగితంతో. ఉండని ఇంటి మీద చేయించడం జరిమానా పడే తప్పు, నీకే కాదు, అడ్రస్ ఇచ్చిన అన్నయ్యకి కూడా. జరిమానా పక్కన పెట్టినా, అక్కడ బతుకంతా పోస్టు మీద నడుస్తుంది. ట్యాక్స్ నంబరు, ఇన్సూరెన్సు కార్డు, బ్యాంకు పిన్ను, విదేశీయుల ఆఫీసు పిలుపు అన్నీ ఉత్తరాలుగానే వస్తాయి. పోస్టు డబ్బా మీద నీ ఇంటిపేరు లేకపోతే పోస్ట్‌మాన్ ఉత్తరం వెనక్కి తీసుకుపోతాడు. వీసా గడువు తీరేలోపు రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేయాలని తెలుసు కదా? దాని అపాయింట్‌మెంట్ ఉత్తరం ఊరవతల అన్నయ్య డబ్బాలో పడి, ఆయన ఊళ్ళో లేకపోతే ఎవరిని అడుగుతావు?

ష్టుడియరెండన్‌వెర్క్ అని విద్యార్థుల హాస్టళ్ళు, క్యాంటీన్లు నడిపే సంస్థ ఒకటి ఉంది. నువ్వు కట్టే సెమిస్టర్ ఫీజులో వాళ్ళ వాటా ఉంది. హాస్టల్ గదికి ఈ రోజే అప్లై చెయ్. జనవరిలో దొరక్కపోతే ఏప్రిల్‌లో దొరుకుతుంది, సెమిస్టర్ మారేటప్పుడు గదులు ఖాళీ అవుతాయి. వెళ్ళి తూర్పు ఐరోపావాళ్ళతోనో, ఇరాన్ వాళ్ళతోనో వంటగది పంచుకో. తాళింపు వేసేటప్పుడు కిటికీ తెరువు, పొగ అలారం మోగిందంటే బిల్డింగ్ అంతా పైజమాలతో కిందికి దిగుతుంది. రాత్రి పది దాటాక, ఆదివారం రోజంతా చప్పుడు చేయకు. ఇవన్నీ నీకు ఈపాటికి తెలిసే ఉంటాయి.

జర్మన్ గురించి నువ్వు ఒక్క మాట కూడా రాయలేదు. అదే నాకు అనుమానం. కోర్సు ఇంగ్లీషులో ఉంది కదా అని వదిలేశావా? కెమ్నిట్స్‌లో ఫోక్స్‌వాగన్ ఇంజిన్ల ఫ్యాక్టరీ ఉంది. పక్కనే త్స్విక్కావ్‌లో వాళ్ళ ఎలక్ట్రిక్ కార్ల ఫ్యాక్టరీ ఉంది. ఈసీఈ చదివినవాడికి ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ షాప్‌ఫ్లోర్ మీద మాట్లాడేది జర్మన్. మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. ఆ పద్దెనిమిది నెలల్లో కూర్చుని భాష నేర్చుకుందామనుకున్నవాళ్ళ గోడు నాకు వారం వారం ఉత్తరాల్లో వస్తూనే ఉంది. యూనివర్సిటీ భాషా కేంద్రంలో కోర్సులు బయటికంటే చాలా చవక, ఒక్కోచోట ఉచితం. సీట్లు తొందరగా నిండుతాయి. సమ్మర్ సెమిస్టర్‌కి రిజిస్ట్రేషన్ ఎప్పుడో, దాన్ని కూడా గోడ మీద రాసుకో. ముందుగా మీ ఊరి పేరు సరిగ్గా పలుకుతున్నందుకు మెచ్చుకుంటున్నాను, మనవాళ్ళలో సగం మంది చెమ్నిట్జ్ అంటారు.

నాకు జర్మన్ క్లాసులో రాలేదు, మెట్ల మీద వచ్చింది. ఒకరోజు నా డబ్బాలో ఒక చీటీ ఉంది. మీరు ఇంట్లో లేరు, మీ పార్శిల్ రెండో అంతస్తులో ఫలానా ఆవిడ దగ్గర పెట్టాం అని. అక్కడ అది మామూలే, పక్కింటివాళ్ళు తీసుకుంటారు. నాలుగు నెలలుగా మెట్ల మీద ఎదురైనప్పుడు ఆవిడ గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్ళిపోయేది. నన్ను చూస్తే ఇష్టం లేదనుకున్నాను. నాకున్న పన్నెండు జర్మన్ మాటలూ కూడగట్టుకుని బెల్లు కొట్టాను. ఆవిడ పార్శిల్ ఇచ్చి, లోపలికి రమ్మని కేకు ముక్క పెట్టింది. వెళ్ళేటప్పుడు అన్న మాట నాకు నెలల తర్వాతగానీ పూర్తిగా అర్థం కాలేదు. నువ్వు ఏమైనా అడుగుతావేమోనని చూస్తున్నాను, నేనే వచ్చి అడిగితే నీకు ఇబ్బందేమోనని ఊరుకున్నాను అంది. మనం పట్టించుకోకపోవడం అనుకునేది అక్కడ మర్యాద. ఎదుటివాళ్ళ బతుకులోకి తలుపు తీసేదాకా అడుగు పెట్టరు.

ఇప్పుడు కొంచెం కటువుగా ఒకటి అడగనా? ఆ ఇంట్లో ఐదుగురున్నారన్నావు. ఐదుగురూ తెలుగువాళ్ళే. అయినా తిన్నావా అని ఒక్కరూ అడగలేదన్నావు. మరి నువ్వు ఎవర్నైనా అడిగావా? ఐడీ ఇస్తానన్న ఆ సీనియర్ రాత్రి పదకొండుకి చలిలో సైకిలు తొక్కి వచ్చి బూట్లు విప్పుకుంటాడు చూడు, అతన్ని? నువ్వు దిగిన రోజు స్టేషన్‌కి వచ్చి నీ సూట్‌కేసు మోసింది బహుశా వాళ్ళే. వాళ్ళ సలహా తప్పు, మనుషులు తప్పు కాదు. వాళ్ళ మొదటి నవంబర్‌లో వాళ్ళకి ఎవరు ఏం చెప్పారో, ఎన్ని అవకాశాలు అయిపోయి ఇప్పుడు ఎన్ని మిగిలాయో నీకు తెలియదు. ఆదివారం ఎలాగూ షాపులు మూసి ఉంటాయి. శనివారమే సరుకులు తెచ్చి ఆదివారం నువ్వు వండు. పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చాలు. పిలిచి కూర్చోబెట్టి అడుగు.

ఇంటికి ఫోన్ సంగతి. అక్టోబర్ చివర్లో అక్కడ గడియారం వెనక్కి తిప్పారు కాబట్టి మనకీ మీకూ ఇప్పుడు నాలుగున్నర గంటల తేడా. నువ్వు రాత్రి ఎనిమిదికి చేస్తే ఇక్కడ పన్నెండున్నర. నిద్రమత్తులో ఉన్న నాన్నతో "బాగానే ఉన్నా" తప్ప ఇంకేం మాట్లాడతావు? ఆదివారం మధ్యాహ్నం చెయ్, ఆయన పొలం నుంచి వచ్చి మంచం మీద కూర్చునే వేళకి. అన్నీ చెప్పేయనక్కర్లేదు. వారానికి ఒక్క నిజం చెప్పు. ఈ వారం, ఇక్కడ చీకటి తొందరగా పడుతోంది నాన్నా, మనసు బాగుండట్లేదు, ఫలానా తేదీన పరీక్షలు అని చెప్పు. పొలం కాగితాలు పెట్టిన మనిషి ఆ మాత్రం మోయగలడు. బాగానే ఉన్నాడనుకుంటూ ఉండి ఫిబ్రవరిలో ఒక్కసారిగా ఫెయిల్ అని వింటే అది మోయలేడు.

వరుసగా రెండు వారాలు నిద్ర లేకపోయినా, పొద్దున లేవబుద్ధి కాకపోయినా దాన్ని హోమ్‌సిక్ అని కొట్టిపారేయకు. అదే ష్టుడియరెండన్‌వెర్క్‌లో మాట్లాడేవాళ్ళు ఉంటారు, డబ్బు తీసుకోరు. ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు ఎవరో అడిగి అపాయింట్‌మెంట్ తీసుకో. నేను తీసుకోలేదు, అప్పట్లో అది పిచ్చివాళ్ళకనుకున్నాను. తీసుకోవాల్సింది. పగలు వెలుతురున్నప్పుడు ఒక అరగంట బయట నడువు, ఊరి నడిబొడ్డున ఉన్న కార్ల్ మార్క్స్ తలకాయ దాకా వెళ్ళి రా. ఏడు మీటర్ల పైన ఎత్తు, మొహం నీకంటే దిగులుగా ఉంటుంది.

ఇక కోటు. ఉన్ని కాబట్టి మెషీన్‌లో వేయకు, వేడినీళ్ళు అసలు తగలనివ్వకు, ముడుచుకుపోతుంది. ముందు మరక మీద టాల్కం పౌడరో శనగపిండో మందంగా చల్లి రాత్రంతా ఉంచు, నూనె పీల్చుకుంటుంది. పొద్దున బ్రష్‌తో దులుపు. మళ్ళీ ఇంకోసారి చెయ్. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, గుడ్డ ముంచి అద్దు, రుద్దకు. తువ్వాలు పరిచి దాని మీద ఆరబెట్టు, హీటర్ మీద వేయొద్దు. ఆవకాయలో పసుపు పడితే ఆ రంగు ఎండకేగానీ పోదు, ఎండ ఏప్రిల్‌లో వస్తుంది. వాసన మాత్రం ఈ చలికాలమంతా ఉంటుంది. నాది గోంగూర, ఫిబ్రవరి దాకా వదల్లేదు. ట్రామ్‌లో పక్కన కూర్చున్నవాళ్ళు ఏమిటా వాసన అంటారేమోనని భయపడకు. అడగరు.